పంటు మీద ఫ్రిజ్జు

నర్సాపురం రేవులో పంటెక్కింది మా ఫ్రిజ్జు,
రెండు మోటారుసైకిళ్ళకీ కొబ్బరికాయల రాశికీ మధ్య,
నడుం చుట్టూ కొబ్బరితాడుతో.
పడుకోబెడితే గ్యాసు తిరగబడుద్దని
షాపు కుర్రాడు రెండుసార్లు చెప్పాడు, అందుకని నిలబడే వచ్చింది.
"బీరువాయేటి కరుణమ్మా?" అన్నాడు టిక్కెట్లు చింపేవాడు.
"ఫ్రిజ్జే. రెండు తలుపులది."
"అయితే రెండు టిక్కెట్లు తియ్యి."
పంటంతా నవ్వింది.
వశిష్ఠ పోటు మీదుంది, మేం కొంచెం ఊగాం,
నేను ఫ్రిజ్జుని పట్టుకున్నానో, అది నన్ను పట్టుకుందో.

దీన్ని ఫ్రెంచి డోరంటారమ్మా, అన్నాడు షాపులో.
ఫ్రెంచి అంటే నాకు తెలిసింది యానాం,
మా పెదమావ గోనెసంచితో వెళ్ళి
గాజుచప్పుడుతో తిరిగొచ్చే ఊరు.
తలుపుకీ ఆ దొరలకీ ఏం చుట్టరికమో!
మా అమ్మమ్మ తాటాకింటికి కూడా రెండు తడికలే.
ఒకటి మూసేసి, రెండోదాని చాటున నిలబడి
అప్పులోడికి జవాబు చెప్పేది.

కొలతలు నేనే తీశాను, జాకెట్టు టేపుతో.
మాది జానెడు వంటిల్లు.
ఒంటి తలుపుదైతే గ్యాసుబండకి కొట్టుకుని సగంలో ఆగుద్ది;
మా తోడికోడలు సువార్త తీసినప్పుడల్లా
పొట్ట లోపలికి పీల్చుకుని పక్కకి జరుగుద్ది.
ఇది అట్టా కాదు. సగమే తెరుచుకుంటుంది, కావాల్సినంతే.
ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో కొత్తిమీర.
పెరుగు కళ్ళకెదురుగా.
ఐసు అరే అడుగున, అది రోజూ ఎవరికి కావాలి?
వంగక్కర్లేదు.
వంగడం నాకు షెడ్డులో చాలినంత ఉంది.

పదకొండేళ్ళుగా రొయ్యలు ఒలుస్తున్నాను.
తల తీసి, డొల్ల తీసి, నరం లాగి, మంచులో వేసి,
మళ్ళీ తల తీసి.
గ్లౌజుల్లోకి దిగిన నీళ్ళు గోళ్ళ కిందికి దిగుతాయి.
సాయంత్రం ఆటోలో ఎవరం మాట్లాడుకోం,
పన్నెండు మందిమీ చంకల్లో చేతులు పెట్టుకుని కూర్చుంటాం
వేళ్ళు మళ్ళీ మావయ్యేదాకా.
ఇన్ని రొయ్యలు తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకుంటారండీ, అనడిగాను ఓసారి.
"ఆళ్ళ ఫ్రిజ్జులు పెద్దయ్యి, బీరువాల్లాంటియ్యి,
రెండు చేతుల్తో తెరవాలి," అన్నాడు సూపర్‌వైజరు.
అప్పుడు పడింది మనసులో.

ఇరవై నెలల చీటీ. ఏడో నెలకే పాడేశాను,
నష్టానికే.
సువార్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక గుమ్మం పట్టలేదు.
వంటిల్లు కొలిచాను, నడవ కొలిచాను,
వీధి గుమ్మం కొలవాలని తోచలేదు.
వడ్రంగి భూషణం వచ్చి మా ఇంటి తలుపు ఊడదీస్తే గానీ
దాని తలుపులు లోపలికి రాలేదు.
"రేపు బిగిస్తా," అని ఉలి అక్కడే వదిలేసి పోయాడు.
ఆ రాత్రి ఇంటికి తలుపు లేదు.
ఫ్రిజ్జుకి రెండున్నాయి.

నిద్రెక్కడ పడుతుంది?
లేచెళ్ళి రెండు రెక్కలూ ఒక్కసారే తెరిచాను.
అంత వెలుగులో అరలీటరు పాలు, ఆరు గుడ్లు, గోంగూర కట్ట,
తోక నరక్కుండా నిండుగా పడుకున్న పండుగప్ప.
మిగతా అంతా ఖాళీ. బాగుంది ఖాళీ.
గ్లౌజుల్లేకుండా చెయ్యి లోపల పెట్టాను.
ఎవరూ కిలోలు లెక్కపెట్టని చలి.
ఎంతసేపున్నానో, అదే టింగు టింగు మంటూ
ఇంక మూసెయ్యమంది.

మూస్తూ వెనక్కి చూస్తే
తలుపు లేని గుమ్మంలో వీధికుక్క,
ముందుకాళ్ళు లోపల, తోక బయట,
సన్నబడుతున్న వెలుగు కేసే చూస్తోంది.
ఛీ పో అనబోయి
ఒక రెక్క మళ్ళీ తెరిచాను.